టీచర్ కూడా

జనవరి 20, సోమవారం

ఉదయం 8.10కి చండ్రుగొండలో ఆటో ఎక్కాను, 8.45కి బడి ముందు దిగాను. ఇరవై ముగ్గురు పిల్లలకు పంతొమ్మిది మంది వచ్చారు. ముప్పై ఎనిమిదేళ్లు సర్వీసు చేసి, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరై ఆరేళ్లుగా ఇంట్లో ఉన్నదాన్ని మళ్లీ నల్లబల్ల ముందు నిలబెట్టింది మా కోడలి కాలు. పుష్ప స్కూటీ మీంచి జారి ఎముక విరగ్గొట్టుకుంది. ఐదు వారాలు కట్టు. అడవి అంచున ఉన్న ఈ బడికి ఆమె ఒక్కతే టీచరు. ఆమె మంచం మీద ఉంటే బడికి తాళమే. ఎంఈఓకు నేనే ఫోన్ చేశాను.

"జీతం ఇయ్యలేం గద మేడమ్" అన్నాడు.

"నేను అడిగానా?" అన్నాను. నా దగ్గర ఏడో తరగతి చదివినవాడే. సరేనన్నాడు.

బయల్దేరేటప్పుడు పుష్ప ఒకే మాట అంది. "అత్తమ్మా, పాఠాలు మీ ఇష్టం. గోడ మీది చార్టు మాత్రం తియ్యకుండ్రి. అది పిల్లలు రాసుకున్నది."

చార్టు చూశాను. అట్టల ఫ్యాక్టరీ నుంచి తెచ్చినట్టుంది, గోధుమ రంగు కాగితం. పైన 'మా క్లాసు మాట' అని ఉంది. కింద ఏడు నిబంధనలు, ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతిరాతలో, ఒక్కొక్కటి ఒక్కో సైజులో. ఈ ఊళ్లో కోయ పెద్దలు కూర్చుంటే ఆఖరి మనిషి కూడా తన మాట చెప్పేదాకా ఎవరూ లేవరట. పుష్ప ఆ పద్ధతినే క్లాసులో పెట్టింది. ఏడు నిబంధనలకు మూడు రోజులు పట్టిందట. నేనైతే మూడు నిమిషాల్లో రాసి మేకు కొట్టేదాన్ని.

ఏడింటిలో నాలుగు 'టీచర్ కూడ' అనే మాటతో ముగుస్తున్నాయి. కింద ఇరవై మూడు సంతకాలు. ఇరవై నాలుగోది పుష్పది, వరుసలో చివర.

మాట ఇచ్చాను కాబట్టి చార్టు తియ్యను. కానీ పిల్లలు రాసుకున్న నిబంధనలు పిల్లలే పాటించరని పుష్పకు లెక్కతో సహా చూపిస్తాను. వంద పేజీల నోటుబుక్కు తీసి గడులు గీశాను: తేదీ, నిబంధన నంబరు, పేరు, కారణం. నా సర్వీసులో ఏ రిజిస్టరులోనూ ఒక్క కొట్టివేత లేదు. ఇందులోనూ ఉండదు.

జనవరి 21, మంగళవారం

తప్పులు: పదకొండు. అందులో ఒకటో నంబరువే ఆరు. ఒకటో నంబరు ఏమిటంటే, లోపలికి వచ్చేటప్పుడు చెప్పులు వరుసగా పెట్టాలి, టీచర్ కూడా.

మధ్యాహ్నం చూస్తే నా చెప్పులు కూడా వరుసలో ఉన్నాయి. నేను గుమ్మం దగ్గర విప్పిన గుర్తు. మా మనవరాలు లాలి సర్ది ఉంటుంది. నాలుగో తరగతి, ఇదే బడి. టీచరు కూతురు ఖమ్మంలో చదవాలి గానీ ఇక్కడేమిటని నేను అప్పుడే అన్నాను, పుష్ప వినలేదు. నా చెప్పుల సంగతి పుస్తకంలో రాయలేదు. నేను ఇక్కడ తాత్కాలికం.

జనవరి 23, గురువారం

తిరుపతి అనే మూడో తరగతివాడు లేచి అడిగాడు. "మేడమ్, సాలెపురుగు గూట్లె మనం చెయ్యి పెడితె అంటుకుంటది. మరి దాని కాళ్లు దానికి ఎందుకు అంటుకోవు?"

"అది సిలబస్‌లో లేదు" అన్నాను.

క్లాసంతా ఒక్కసారే గోడవైపు చూసింది. ఆరో నంబరు: తెలవకపోతే తెలవదు అనాలె, టీచర్ కూడ.

సిలబస్‌లో లేదు అన్నది నిజమే. అబద్ధం చెప్పలేదు.

జనవరి 24, శుక్రవారం

బోరింగు దాకా నడిచాను. రెండుసార్లు. నీళ్లు తాగడానికి.

జనవరి 25, శనివారం

బోరింగు దాకా మూడుసార్లు. మూడోసారి గ్లాసు తీసుకెళ్లడం మరిచిపోయాను.

కోపం వస్తే బోరింగు చుట్టూ తిరిగి రావాలనేది ఐదో నంబరు. టీచర్ కూడా. దానికీ దీనికీ సంబంధం లేదు. ఎండ ముదురుతోంది, దాహం వేస్తోంది.

జనవరి 28, మంగళవారం

మూడో నంబరు: ఎవ్వల భాష వాళ్లు మాట్లాడొచ్చు, తెలవనోళ్లకు పక్కోళ్లు చెప్పాలె.

నేను హెచ్ఎంగా ఉన్న బడిలో క్లాసులో ఇంటి భాష వినిపిస్తే గుంజీలు తీయించేదాన్ని. మా తండా మొత్తంలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్లను నేనే. మా లంబాడీ భాష మాట్లాడితే పాసయ్యానా? మా అమ్మ చివరిదాకా వేలిముద్ర వేసింది. నా చేతికి ఉద్యోగం వచ్చాక తండాలో ఒక్క తల్లి చేత కూడా వేలిముద్ర వేయించనని ఒట్టు పెట్టుకున్నాను. రాత్రి బడి పెట్టి ముప్పై ఒక్కమందికి సంతకం నేర్పాను. ఆ లెక్క కూడా నా దగ్గర ఉంది.

ఈ రోజు ఇద్దరు పెన్సిలు కోసం కొట్టుకుంటుంటే తిట్టాను. ఇంటికి వచ్చాక లాలి అంది. "నానమ్మా, నువ్వు పొద్దున తిట్టినవు గద, మన భాషల తిట్టినవ్."

"నేనా?"

"అవ్. కోయ పిల్లలకు అర్థం గాలే. పక్కోళ్లు చెప్పాలె గద, మనోళ్ల రెడ్యా చెప్పిండు. మొత్తం చెప్పిండు."

మంచం మీద పుష్ప ఎందుకో దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

ఫిబ్రవరి 1, శనివారం

పిల్లల తప్పులు ఇప్పటికి అరవై నాలుగు. అనుకున్నట్టే నడుస్తోంది.

గురుకులం ప్రవేశ పరీక్ష ఈ నెల 23న, ఆదివారం, అశ్వారావుపేటలో. మా బడి నుంచి దరఖాస్తు పెట్టింది దుర్గ ఒక్కతే, నాలుగో తరగతి. బడిలో మధ్యాహ్న భోజనం వండే నాగక్క కూతురు. ఐదు దాటితే ఈ ఊళ్లో బడి లేదు. ఆరో తరగతికి తొమ్మిది కిలోమీటర్లు వెళ్లాలి. ఆడపిల్లల్ని ఎవరూ పంపరు. కాబట్టి దుర్గకు ఉన్నది ఈ పరీక్ష ఒక్కటే. తెలివైనది. హెచ్చవేతలు నోటితో నాకంటే ముందు చెబుతుంది. ఒక్కోసారి.

ఫిబ్రవరి 3, సోమవారం

దుర్గకు మాదిరి పరీక్ష పెట్టాను. జవాబులకు గుండ్రాలు నింపే ఓఎంఆర్ షీటు జిరాక్సు తీయించి తెచ్చాను. దుర్గ పెన్ను పట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నాలుగో నంబర్ మేడమ్" అంది.

నాలుగో నంబరు: మిరపతోటల నుంచి వచ్చినోళ్లతోని ఆ రోజు రాపియ్యొద్దు, నోటితోని చెప్పిస్తె సాలు. ఆ నిబంధన రాసిన చేతిరాత దుర్గదే. ఎవరికి పనికొస్తుందో వాళ్లే రాసుకున్నారని అప్పుడే అనుకున్నాను.

"పరీక్ష హాల్లో నాలుగో నంబరు ఉండదు. రాయి" అన్నాను.

రాసింది. నూటికి ముప్పై రెండు గుండ్రాలు నింపేసరికి చెమట పట్టింది. చెయ్యెత్తి కళ్లు తుడుచుకుంది. అంతే, కెవ్వుమంది. నేను వెంటనే బోరింగు దగ్గరికి తీసుకెళ్లి సబ్బుతో చేతులు కడుక్కోమన్నాను, ఆ చేతులతోనే కళ్లు కడుక్కోమన్నాను. పరిశుభ్రత విషయంలో నేను ఆలస్యం చేయను. పిల్ల ఇంకా అరిచింది.

నాగక్క వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చింది. నన్ను పక్కకు జరగమని కూడా అనలేదు, జరిపింది. పిల్ల చేతులకు నూనె రాసి గుడ్డతో తుడిచింది. మళ్లీ రాసి, మళ్లీ తుడిచింది. ఆ తర్వాత కళ్ల మీద చల్లని నీళ్లు పోసింది.

"మిరపకాయ మంటకు నీళ్లు పోత్తరా మేడమ్? నూనె రాయాలె గద ముందుగాల" అంది. కోపంగా అనలేదు. లోకంలో అందరికీ తెలిసిన సంగతి నాకెలా తెలియలేదా అన్నట్టు అంది.

నాకు తెలియదు. మా నాన్న నన్ను ఏనాడూ మిరపతోటలో దించలేదు. చదువుకోవాలని.

పుస్తకంలో రాశాను. ఫిబ్రవరి 3, నంబరు 4, దుర్గ. కారణం: సాకు. సిరా ఆరేదాకా పుస్తకం బల్ల మీదే తెరిచి ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

దుర్గ రాలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

దుర్గ రాలేదు. నాగక్క వచ్చింది. పప్పు బాగా వండింది.

ఫిబ్రవరి 6, గురువారం

దుర్గ రాలేదు. నాగక్కను అడిగాను.

"రానంటది మేడమ్. పుష్ప మేడమ్ వచ్చినంక వస్తదట."

"పుష్ప వచ్చేసరికి పరీక్ష అయిపోతుంది. నువ్వు తల్లివి, నాలుగు తగిలించి పంపాలి గదా."

నాగక్క గంటె ఆపింది. "మేము పిల్లల్ని కొట్టం మేడమ్. పొమ్మనం, పోవద్దని గూడ అనం. దాని కాళ్లు దానివి." మళ్లీ గంటె తిప్పుతూ అంది. "గుడ్డు తింటరా? ఒకటి ఎక్కువుంది."

ఎవరి గుడ్డో నాకు తెలుసు. హాజరు ఇరవై రెండు, గుడ్లు ఇరవై మూడు. తినలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

దుర్గ రాలేదు. పిల్లల తప్పులు ఈ రోజు రెండే. క్లాసు నిశ్శబ్దంగా ఉంది. నేను ముప్పై ఎనిమిదేళ్లు కోరుకున్న నిశ్శబ్దం. బోరింగు దాకా నాలుగుసార్లు.

ఫిబ్రవరి 8, శనివారం

బడి అయ్యాక దుర్గ వాళ్ల తోటకు వెళ్లాను. హాల్ టికెట్ ఇవ్వడానికి. నాగక్క చేతికిచ్చి పంపవచ్చు, కానీ ముఖ్యమైన కాగితం కదా, స్వయంగా ఇవ్వడం పద్ధతి.

మిరపతోట గట్టు మీద నిలబడ్డాను. దుర్గ తాత జంపయ్య, ఇంకో నలుగురు ఆడవాళ్లు సాళ్లలో వంగి కాయలు ఏరుతున్నారు. చివరి సాలు దుర్గది. నాగక్క బడి వంటకు వచ్చేస్తే మిగిలిపోయే ఆమె సాలు పొద్దున బడికి ముందు ఈ పిల్ల ఏరుతుందట. ఇన్ని రోజులుగా ఎవరు బడికి రాలేదో రాసుకున్నాను గానీ, వంటకు వచ్చిన తల్లి సాలు ఎవరు ఏరుతున్నారో ఎప్పుడూ రాసుకోలేదు.

"రాండ్రి టీచరమ్మా, రాండ్రి" అన్నాడు జంపయ్య. "నీడకు కూకోండ్రి. ఏయ్ దుర్గా, మీ టీచరమ్మ వచ్చింది, సూడు."

దుర్గ చూడలేదు. ఏరుతూనే ఉంది. హాల్ టికెట్ తాత తీసుకుని, ఫొటో చూసి, తలపాగాలో దోపుకున్నాడు.

"సోమవారం రావాలి దుర్గా" అన్నాను.

"గుండ్రంల కూసుంటరా?" అంది, కాయ తుంచుతూనే.

ఏడో నంబరు: తప్పు చేసినోళ్లు గుండ్రంల కూసోవాలె. అవతలోళ్లు చెప్పేది అయ్యేదాక మాట్లాడొద్దు. టీచర్ కూడ.

"నేనేం తప్పు చేశాను? నీ మంచికే రాయించాను."

దుర్గ రెండో చేత్తో కొమ్మ వంచింది. ఏరుడు ఆపలేదు. జంపయ్య నవ్వాడు. "దాని తోని అయ్యేది లేదు టీచరమ్మా. మా ముసల్ది గూడ గిట్లనే. సచ్చేదాక నాతోని రెండు మాటలు బాకీ వెట్టి సచ్చింది."

నడిచి వచ్చాను. ఆటో దొరకలేదు.

బయల్దేరేటప్పుడు రెండు దోసిళ్ల కాయలు ఎండబెట్టుకోమని ఇచ్చారు. వద్దనలేకపోయాను.

ఫిబ్రవరి 10, సోమవారం

దుర్గ రాలేదు.

ఒక హెచ్ఎం స్థాయి మనిషి నాలుగో తరగతి పిల్ల ముందు నేల మీద కూర్చుని తప్పు ఒప్పుకుంటే ఇక క్రమశిక్షణ ఏముంటుంది? ఇంట్లో ఈ మాట రెండుసార్లు అన్నాను. మూడోసారి అన్నప్పుడు పుష్ప, "ఎవరన్న ఏమన్నరా అత్తమ్మా?" అంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

రాలేదు. ఇంకా పన్నెండు రోజులు.

ఫిబ్రవరి 12, బుధవారం

రాలేదు. పదకొండు.

ఫిబ్రవరి 13, గురువారం

గుండ్రంగా కూర్చోవడం మంచి పద్ధతే. పిల్లల వీపులు నిటారుగా ఉంటాయి, గాలి ఆడుతుంది. రేపు ఒకసారి ప్రయత్నించి చూడదలిచాను. దుర్గకు కబురు పెట్టాను, క్లాసులో అందరూ ఉండాలి కాబట్టి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

దుర్గ వచ్చింది. 9.05.

బల్లలు జరిపారు. నేల మీద కూర్చున్నాను. మోకాళ్లు ఒప్పుకోలేదు, తిరుపతీ రెడ్యా చెరో చెయ్యి పట్టి దించారు. 9.20 నుంచి 9.31 వరకు, పదకొండు నిమిషాలు, నేను మాట్లాడలేదు. మధ్యలో ఒకసారి నోరు తెరిచాను. తిరుపతి పెదాల మీద వేలు పెట్టాడు. నేను ముప్పై ఎనిమిదేళ్లు పిల్లల ముందు పెట్టిన వేలు సరిగ్గా అలాగే ఉంటుంది.

కళ్ల మంట గురించి చెబుతుందని సిద్ధంగా ఉన్నాను. జవాబు కూడా అనుకుని పెట్టుకున్నాను.

"కండ్లు మండినయి మేడమ్. అది పోయింది. అమ్మ నూనె రాసింది, పోయింది" అంది దుర్గ. "మీకు తెలవక నీళ్లు పోసిండ్రు. దానికి కోపం లేదు. ఆ పొద్దు నా సంచి తీసుకపోనీకి లోపలికొచ్చిన. మీ పుస్తకం తెరిచుండె. అండ్ల నా పేరు పక్కన సాకు అని రాసిండ్రు. నేను సాకు చెప్పలే. నాలుగో నంబర్ తప్పింది మీరు. నా పేరు మీద రాసిండ్రు. మీ లెక్క తప్పు."

నేను మాట్లాడవచ్చని తిరుపతి సైగ చేశాడు. పుస్తకం తెమ్మన్నాను.

తేదీ సరే. నంబరు సరే. పేరు తప్పు. కారణం తప్పు. నేను అన్నేళ్లు తోటి టీచర్ల మీద కోప్పడింది దేనికి? ఒకరి మార్కులు ఇంకొకరి పేరున వేసే టీచర్లంటే నాకు పడదు. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. పైన నా పేరు, 'చాంది' అని రాశాను. కారణం గడిలో ఏం రాయాలో తోచలేదు. "తెలవదు అని రాయొచ్చు మేడమ్" అంది దుర్గ. తెలవదు అని రాశాను. కొట్టివేత పక్కన నియమం ప్రకారం సంతకం పెట్టి తేదీ వేశాను. నా మొదటి కొట్టివేత.

దుర్గ అడిగింది ఆ ఒక్కటే. మిగిలిన ఇరవై రెండు మంది ఊరుకుంటారా?

"మేడమ్, చెప్పులయి గూడ రాయలే." "మొన్న నేను తప్పు చదివితే మీరు నవ్విండ్రు మేడమ్." "నవ్వలే, మూతి గిట్ల పెట్టింది." "అది నవ్వే." "సాలెపురుగు, సాలెపురుగు!" లెక్క సరిగ్గా ఉండాలన్నది నా పద్ధతే కాబట్టి అన్నీ రాసుకున్నాను. బోరింగు నడకలు మాత్రం రాయనివ్వలేదు వాళ్లు. అది తప్పు కాదట. నంబరు ప్రకారం చేసిందేనట. ఎంతసేపు తిరిగానో కూడా వాళ్లకు తెలుసు.

మొత్తం: పిల్లలు ఇరవై ముగ్గురూ కలిసి డెబ్బై ఎనిమిది. నేను ఒక్కదాన్ని ముప్పై ఒకటి. తలసరి లెక్క వేయలేదు. వేయక్కర్లేదు.

చివర్లో తిరుపతి లాయరు ప్రశ్న ఒకటి వేశాడు. "మేడమ్ సంతకం చార్టు మీద లేదు గద. మరి నంబర్లు మేడమ్‌కు పడ్తయా?" పెన్ను చేతికిచ్చారు. నేను తాత్కాలికం, ఇంకో పది రోజుల్లో వెళ్లిపోయేదాన్ని అని పెన్ను తిరిగిచ్చాను. అది నిజమే కూడా.

ఫిబ్రవరి 17, సోమవారం

దుర్గ తోట నుంచి వచ్చింది. నోటితో చెప్పించాను. నూటికి ఎనభై ఒకటి. గుండ్రాలు లాలి నింపింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

దుర్గ: ఎనభై నాలుగు. తప్పులు (నావి): ఒకటి. చెప్పులు.

ఫిబ్రవరి 20, గురువారం

ఎనభై ఎనిమిది. ఈ రోజు తోటకు వెళ్లలేదు, చేతులు చల్లగా ఉన్నాయి, తనే గుండ్రాలు నింపింది. గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆదివారం కూడా చెయ్యి ఇలాగే ఉండాలి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మధ్యాహ్నం రెండింటికి మబ్బు పట్టింది. నాగక్క గిన్నెలు తోమకుండానే బయల్దేరింది. "వాన వడితె కాయ మచ్చలొస్తది మేడమ్. రేపు సాయంత్రంలోగ ఏరుడు అయిపోవాలె. ఇంటిల్లిపాది దిగాలె."

"దుర్గ కూడానా?"

"దాని సాలు దానిది గద."

నేను లెక్క వేశాను. రేపు సాయంత్రం దాకా ఏరితే మంట రాత్రంతా ఉంటుంది. ఎల్లుండి ఉదయం పదింటికి పరీక్ష. హాల్లో నాలుగో నంబరు ఉండదు. ఆ మాట ఈ క్లాసులో అన్నది నేనే.

జంపయ్యతో మాట్లాడాలి. కూలీ మనిషిని పెట్టి పంపుతానంటే నాగక్క నవ్వింది. "ఇయ్యాల ఎవలి తోటల వాళ్లున్నరు మేడమ్. మనిషి యాడ దొరుకుతడు?"

రేపు బడి తప్ప నాకు ప్రత్యేకంగా పనేమీ లేదు.

ఫిబ్రవరి 22, శనివారం

రాయలేను.

ఫిబ్రవరి 23, ఆదివారం

నానమ్మ చెబుతోంది, నేను లాలి రాస్తున్న. నానమ్మకు చేతులు మండుతున్నయి. నేను ముందటి పేజీలు చదవలేదు. (కొన్ని చదివిన.)

నానమ్మ చెప్పింది: నిన్న ఉదయం ఏడింటి నుంచి సాయంత్రం ఐదున్నర దాకా దుర్గ సాలు నేను ఏరాను. బడికి సెలవు చీటీ రాసి పుష్పకు ఇచ్చాను. బడి ఎట్లా నడిచిందో పిల్లలనే అడగాలి. (బడి మేమే నడుపుకున్నం. ఒకటో నంబర్ తప్పులు రెండు. ఎంఈఓ సారు రాలే.) చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకున్నాను, పావుగంటలో చిరిగాయి. ఏరింది ఒకటిన్నర సాలు. దుర్గ అయితే మూడు ఏరుతుందట. జంపయ్య ఈ సంగతి నాలుగుసార్లు చెప్పాడు. తోటలో ఉన్న ఆడవాళ్లందరూ నన్ను చూసి నవ్వారు. ఎవ్వలు తప్పు చేసినా నవ్వొద్దనే రెండో నంబరు అక్కడ లేదు. ముందుగానే నూనె రాసుకొమ్మని నాగక్క చెప్పింది. నేను వినలేదు. జిడ్డుగా ఉంటుందన్నాను.

(ఇక్కడ నానమ్మ చేతులు మజ్జిగల పెట్టుకుని కూసుంది.)

ఈ రోజు ఉదయం 7.30కి నేనూ లాలీ ఎక్కిన ఆటో బడి దగ్గర ఆగింది, దుర్గను ఎక్కించుకోవడానికి. దుర్గ తల దువ్వుకుని, చెప్పులు కడుక్కుని వచ్చింది. రెండు చేతులు తిప్పి చూపించింది. చల్లగా ఉన్నాయి. తర్వాత నా చేతులు చూసింది. తాళంచెవి ఇయ్యండ్రి మేడమ్ అంది.

ఎందుకని అడిగాను. ఆలస్యమవుతుంది, పరీక్ష ఉంది అన్నాను. నేను వెళ్లిపోయేదాన్నని రెండుసార్లు చెప్పాను.

(నానమ్మ ఇట్ల చెప్పింది గాని నిజంగ రెండుసార్లు చెప్పలేదు. ఒక్కసారే చెప్పి తాళం తీసింది.)

దుర్గ నన్ను చార్టు ముందు నిలబెట్టింది. సంతకానికి పెన్ను ఇచ్చింది. పట్టుకోలేకపోయాను. వేళ్లు మడత పడలేదు, పెన్ను కింద పడింది. రేపు చేస్తాను అన్నాను.

దుర్గ అన్నది: "మిరపతోటల నుంచి వచ్చినోళ్లతోని రాపియ్యొద్దు మేడమ్. వేలిముద్ర సాలు."

నేను పెద్దగా అరిచాను. (అవ్, అరిచింది.) వేలిముద్రా? నేనా? అన్నాను. తర్వాత బోరింగు చుట్టూ తిరిగి వచ్చాను. ఒకసారి. నీళ్లు తాగలేదు.

హాజరు పట్టీ పెట్టే బల్ల మీద సిరా ప్యాడు ఉంది. నీలం. మా అమ్మ వేసినప్పుడు నేనే ఆమె వేలు పట్టి ఒత్తించేదాన్ని, పక్కన 'ఈమె వేలిముద్ర' అని రాసి సాక్షి సంతకం పెట్టేదాన్ని. ఈ సారి వేలు దుర్గ పట్టింది. చల్లని చెయ్యి.

పరీక్ష పదింటికి మొదలై పన్నెండింటికి అయింది. గేటు బయట ఉన్న తల్లిదండ్రుల్లో చేతులు మజ్జిగ డబ్బాలో పెట్టుకున్నది నేనొక్కదాన్నే. దుర్గ బయటికి రాగానే అడిగాను, ఎట్ల రాసినవని. తెలవదు మేడమ్ అంది. కోప్పడబోయి ఊరుకున్నాను. అది నంబరు ప్రకారమే ఉంది.

తిరుపతికి చెప్పాలి, సాలెపురుగు సంగతి నాకూ తెలవదని. రేపు మొదటి పని.

(నానమ్మ చాలు అన్నది. చార్టు మీద ఏమున్నదో చెప్పలేదు, రాయొద్దు అన్నది. కాని లెక్క సరిగ్గ ఉండాలె గద, అందుకే నేను రాస్తున్న. పుష్ప మేడమ్, అంటే అమ్మ, సంతకం కింద ఇరవై ఐదోది ఇట్ల ఉంది:

ఈమె వేలిముద్ర: చాంది, టీచర్ (తాత్కాలికం).

'తాత్కాలికం' అన్నది దుర్గ రాసి తనే కొట్టేసింది. కొట్టేసిన దాని పక్కన పద్ధతి ప్రకారం సంతకం పెట్టింది. దాని కింద: సాక్షి, దుర్గ, నాలుగో తరగతి.)